రోబో శస్త్రచికిత్స - కణితి జాడ

శస్త్రవైద్యానికి కావలసిన సాధనాలను సుశ్రుత సంహిత యంత్రాలనీ, శస్త్రాలనీ రెండు తెగలుగా విభజించి వర్ణించింది. యంత్రాలు 101 అని లెక్క చెబుతూ, వాటన్నింటిలో మిక్కిలి ప్రధానమైనది వైద్యుని చేయేనని పేర్కొన్నది. చేయి లేనిదే తక్కిన యంత్రాలేవీ కదలవు కనుక ఈ మాటలో వింత లేదు. కాని చేయి పని చేసే సాధనం మాత్రమే కాదు, తెలుసుకునే సాధనం కూడా. పండు పైకి నిగనిగలాడుతున్నా లోపల చెడినదేమో అని వేలితో నొక్కి చూసి కొంటాం. కంటికి అందని దానిని వేలికొన కనిపెడుతుంది. శతాబ్దాల తరబడి శస్త్రవైద్యులు రోగి శరీరంలోని కణితులను ఈ విధంగానే వెదకి పట్టుకున్నారు. ఆ చేయి రోగి కడుపులోనికి పోనవసరం లేని కాలం వచ్చినప్పుడు కణితి జాడ తెలిసేదెలా అన్నదే ఈ పాఠంలోని విషయం.

1881 జనవరి 29వ తేదీన వియన్నా నగరంలో థియొడోర్ బిల్‌రోత్ అనే శస్త్రవైద్యుడు క్యాన్సరు సోకిన జీర్ణాశయ భాగాన్ని కోసి తొలగించి, మిగిలిన భాగాన్ని చిన్నపేగు మొదలుతో కలిపి కుట్టాడు. ఆ తరహా చికిత్సలో రోగి కోలుకున్న మొదటి సందర్భం అదే. అయితే వ్యాధి అప్పటికే వ్యాపించి ఉన్నందువల్ల ఆమె మరి సుమారు నాలుగు నెలలు మాత్రమే జీవించింది. ఆ రోజుల్లో కణితి ఎక్కడ ఉన్నదనే ప్రశ్నకు సమాధానం కష్టం కాదు. తెలుగువారు రాచపుండు అని పిలిచి భయపడిన ఈ వ్యాధి బాగా ముదిరిన తరువాతగాని బయటపడేది కాదు. కడుపు మీద చేయి వేస్తేనే గడ్డ తగిలేది. కడుపు కోసి చూస్తే కంటికి కనిపించేది, చేతికి గట్టిగా తగిలేది.

ఈ స్థితి రెండు దిక్కుల నుండి మారింది. ఒక దిక్కున, నోటి ద్వారా లోపలికి పంపి చూసే ఎండోస్కోపు వంటి పరికరాల వల్ల క్యాన్సరును మొలక దశలోనే గుర్తించడం సాధ్యమైంది. మరొక దిక్కున, కడుపును నిలువునా కోయడానికి బదులు కొన్ని చిన్న రంధ్రాలు చేసి, వాటిలో కెమెరాను, పొడవైన పరికరాలను దూర్చి చికిత్స చేసే లాపరోస్కోపీ పద్ధతి వచ్చింది. జీర్ణాశయ క్యాన్సరుకు ఈ పద్ధతిని 1991లో జపాను దేశపు వైద్యుడు సెయిగో కిటానో మొదట ప్రయోగించాడు. రోగికి నొప్పి తగ్గింది, గాయం చిన్నదైంది, త్వరగా లేచి తిరగగలిగాడు. వైద్యునికి మాత్రం చేతికీ పేగుకూ నడుమ బారెడు లోహపు కడ్డీ అడ్డు వచ్చింది. తరువాత వచ్చిన రోబో ఆ కడ్డీని కూడా అతని చేతి నుండి తీసివేసింది.

రోబో అనే పదం చెకొస్లోవేకియా రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకం ద్వారా ప్రపంచానికి తెలిసింది. చెక్ భాషలో దాని మూలానికి వెట్టి అని అర్థం. వెట్టివానికి సొంత ఇష్టాయిష్టాలు ఉండవు. శస్త్రచికిత్సా మందిరంలోని రోబోకు ఈ పేరు బాగానే అతుకుతుంది. అది తనంతట తాను కోయదు, కుట్టదు. 2000 సంవత్సరంలో అమెరికా ప్రభుత్వపు అనుమతి పొంది, అనేక దేశాలకు వ్యాపించిన డావిన్సీ అనే యంత్రాన్ని ఉదాహరణగా తీసుకుందాం. శస్త్రవైద్యుడు రోగికి కొన్ని అడుగుల దూరంలో ఒక పీఠం ముందు కూర్చుంటాడు. తల వంచి అందులోనికి చూస్తే రోగి కడుపులోని భాగాలు పది రెట్ల వరకు పెద్దవిగా, లోతుతో సహా కనిపిస్తాయి. అతడు వేళ్లతో పట్టిన పిడులు ఎటు తిరిగితే రోగిపైన ఉన్న యంత్రపు చేతులు అటు తిరుగుతాయి. వైద్యుని చేతి వణుకును యంత్రం వడకట్టి వేస్తుంది. ఇరుకైన చోట మన మణికట్టు తిరగలేని కోణాలలో దాని మణికట్టు తిరుగుతుంది. దీనిని రోబో అనడం కంటె యంత్రహస్తం అనడమే సబబని నా అభిప్రాయం.

ఇన్ని లాభాలతో పాటు ఒక లోపం వచ్చింది. ఈ యంత్రపు తొలి తరాలలో దాని చేతికి తగిలినది వైద్యుని చేతికి తెలిసేది కాదు. దారాన్ని ఎంత గట్టిగా లాగుతున్నదీ వేళ్లకు తెలియక, కొత్తగా నేర్చుకునేవారు కుట్లు తెంచేవారు. అనుభవం గడించినవారు దారం సాగే తీరును, కణజాలం తెల్లబడే తీరును కంటితోనే కనిపెట్టి ఒత్తిడిని అంచనా వేయడం అలవరచుకున్నారు. అంధగజ న్యాయం మనకు తెలిసినదే. అక్కడ గుడ్డివారికి స్పర్శ ఉన్నది, చూపు లేదు. ఇక్కడ చూపు పది రెట్లు ఉన్నది, స్పర్శ లేదు. కుట్టు విషయంలో చూపుతో సర్దుకోవచ్చు. కణితి విషయంలో అది సాధ్యం కాదు. ఎందుకో తెలియాలంటే జీర్ణనాళపు గోడ నిర్మాణాన్ని కొంత తెలుసుకోవాలి.

అన్నవాహిక మొదలు పురీషనాళం వరకు జీర్ణనాళపు గోడ పొరలు పొరలుగా ఉంటుంది. అన్నింటికంటె లోపల, ఆహారాన్ని తాకేది శ్లేష్మపొర. దాని వెనుక రక్తనాళాలతో కూడిన మెత్తని అధఃశ్లేష్మపొర. దాని వెలుపల కండరాల పొర. అన్నింటికీ పైన, కడుపు కోసినప్పుడు మనకు కనిపించే నున్నని బాహ్యపొర. ఈ నాళంలో సాధారణంగా పుట్టే క్యాన్సరు శ్లేష్మపొరలో మొదలవుతుంది. అది మొదటి రెండు పొరలు దాటకుండా ఉన్నంతవరకు జీర్ణాశయం విషయంలో దానిని తొలి దశ క్యాన్సరు అంటారు. 1962లో జపాను వైద్యులు ఈ నిర్వచనాన్ని ఏర్పరచారు. ఈ దశలో చికిత్స జరిగినవారిలో నూటికి తొంబైమందికి పైగా అయిదేండ్ల తరువాత కూడా జీవించి ఉంటారు. ఇంత మేలైన దశలోనే వైద్యునికి చిక్కు ఎక్కువ. వ్యాధి లోపలి పొరలోనే ఉన్నది కనుక బాహ్యపొర ఏ మచ్చా లేకుండా మెరుస్తూ ఉంటుంది. రోబో కెమెరా చూసేది ఆ బాహ్యపొరనే. గోడకు లోపలివైపు చెమ్మ పట్టినా వీధిలో నుండి చూసేవానికి సున్నం తెల్లగానే కనిపిస్తుంది గదా! అందువల్ల వ్యాధి ఎంత ముందుగా బయటపడితే, శస్త్రచికిత్స సమయంలో దాని చోటు గుర్తించడం అంత కష్టమవుతుంది.

ఈ కష్టాన్ని అందరికంటె ముందుగా, అధికంగా ఎదుర్కొన్నవారు జపాను, కొరియా వైద్యులు. ఆ దేశాలలో జీర్ణాశయ క్యాన్సరు ఎక్కువ. అందువల్ల రోగలక్షణాలు లేనివారికి కూడా పరీక్షలు చేసే ఏర్పాట్లు అక్కడ ఉన్నాయి. కొరియాలో 40 ఏండ్లు నిండినవారికి రెండేండ్లకొకసారి ఈ పరీక్ష చేస్తారు. తొలి దశ కణితులు అక్కడ విరివిగా బయటపడడానికి కారణం ఇదే.

చోటు తెలియకపోతే ఏమవుతుంది? ఒకరికి జీర్ణాశయం నడిమి భాగంలో తొలి దశ కణితి ఉన్నదనుకుందాం. దానిని తొలగించేటప్పుడు చుట్టూ కొంత మంచి భాగాన్ని కూడా కలిపి కోయాలి. తొలి దశలో కణితి అంచు నుండి 2 సెంటీమీటర్ల దూరం ఉండాలని జపాను వైద్యుల మార్గదర్శకాలు చెబుతాయి. లోతుకు పాకిన వాటికి రకాన్ని బట్టి 3 లేక 5 సెంటీమీటర్లు. అంచు ఎక్కడో తెలియక దగ్గరగా కోస్తే వ్యాధి బీజం శరీరంలోనే మిగిలిపోతుంది. ఆ భయంతో దూరంగా కోయాలంటే జీర్ణాశయాన్ని పూర్తిగా తీసివేయవలసి రావచ్చు. జీర్ణాశయం లేకుండా మనిషి బ్రతకగలడు. కాని తిన్నది నిలువ ఉండే చోటు ఉండదు కనుక కొద్దికొద్దిగా, పలుమార్లు తినవలసి వస్తుంది. బరువు తగ్గుతాడు. బి 12 విటమినును శరీరం గ్రహించడానికి తోడ్పడే పదార్థం జీర్ణాశయంలోనే తయారవుతుంది కాబట్టి ఆ విటమినును జీవితాంతం బయటి నుండి అందించాలి. పైభాగంలో మూడవ వంతు మిగిలినా ఆ మనిషి భోజనానికీ, జీవనానికీ ఎంతో తేడా ఉంటుంది. ఆ మూడవ వంతు మిగలడమా, పోవడమా అనేది ఒక గీత రెండు మూడు సెంటీమీటర్లు పైకి జరగడంపైన ఆధారపడవచ్చు.

పెద్దపేగులో చిక్కు మరొక రకమైనది. అది సుమారు ఒకటిన్నర మీటర్ల పొడవైన గొట్టం. దాని మొదట అంధనాళానికీ, చివర పురీషనాళానికీ ఆనవాళ్లు ఉన్నాయి. నడుమ పొడవునా ఒకే తీరుగా కనిపిస్తుంది. కొలనోస్కోపు గొట్టాన్ని ఎంత దూరం లోపలికి పంపామో దానిపై గీతలు చూసి చెప్పవచ్చును గదా అనిపిస్తుంది. పైజామాకు నాడా ఎక్కించేటప్పుడు బట్ట కుచ్చులు కుచ్చులుగా ముడుచుకొని వచ్చినట్లే, పేగు కూడా ఆ గొట్టంపైన ముడుచుకుంటుంది, మరికొన్ని చోట్ల సాగుతుంది. అందువల్ల గొట్టంపైని కొలత పేగుపైని చోటును నిక్కచ్చిగా చెప్పలేదు. లాపరోస్కోపీ కొత్తగా వచ్చిన రోజుల్లో పేగు భాగాన్ని కోసి బయటకు తీసి చూస్తే అందులో కణితి లేకపోవడం వంటి ఘటనలను వైద్యులే తమ పత్రికలలో నివేదించారు. అటువంటప్పుడు మళ్లీ వెదకి మరొక భాగాన్ని తొలగించక తప్పదు.

దీనికి వైద్యులు కనుగొన్న ఉపాయాలలో అతి సులువైనది పచ్చబొట్టు. కొలనోస్కోపు గుండా సన్నని సూదిని పంపి, కణితికి కొద్ది దూరంలో అధఃశ్లేష్మపొరలో నల్లని సిరాను ఎక్కిస్తారు. లోపల పెట్టిన ఆ మచ్చ గోడ గుండా వెలుపలికి కనిపిస్తుంది. పోన్‌స్కీ, కింగ్ అనే వైద్యులు 1975లోనే పెద్దపేగులో ఈ విధంగా గుర్తు పెట్టే పద్ధతిని ప్రకటించారు. ఆ సిరా పేరు ఇండియా ఇంకు. పేరులో మన దేశం ఉన్నది కాని అది చైనాలో పుట్టినది. అందులో ఉన్నది మెత్తని మసి, అంటే కర్బనపు రేణువులు. నేడు ఇదే పనికి శుద్ధి చేసిన కర్బనపు సిరాలు తయారై వస్తున్నాయి.

తాళపత్ర గ్రంథాలను చూసినవారికి ఈ మసి మహిమ తెలుసు. గంటంతో రాసినప్పుడు ఆకుపై పడేది గీత మాత్రమే. దానిపై మసి పూసి తుడిస్తేగాని అక్షరం కంటికి కనిపించదు. ఆ మసి వందల ఏండ్లయినా వెలిసిపోదు. శరీరంలో కూడా అంతే. కర్బనాన్ని శరీరం జీర్ణించుకోలేదు. కొన్ని కణాలు దానిని మింగి అక్కడే నిలిచిపోతాయి. అందువల్ల శస్త్రచికిత్స వారాల తరువాత జరిగినా, కొన్ని నెలల తరువాత జరిగినా మచ్చ చెక్కుచెదరదు.

ఈ పని చూడడానికి సులభమే అయినా చేసేవారికి నేర్పు అవసరం. సూది లోతు తక్కువైతే మచ్చ వెలుపలికి కనిపించదు. ఎక్కువైతే గోడను దాటి సిరా కడుపులో చిమ్ముతుంది. అప్పుడు చుట్టుపక్కల అంతా నల్లబడి ఏది గుర్తో ఏది మరకో తేలదు. అందుకే మొదట ఉప్పునీటిని ఎక్కించి పొరలో చిన్న బుడగ లేచినదని నిర్ధారించుకొని, ఆ బుడగలోనే సిరాను వదలుతారు. పేగు చుట్టుకొలతలో ఒక్కచోటనే గుర్తు పెడితే అది వెనుకవైపుకు, కొవ్వు మాటుకు పోవచ్చు కనుక మూడు నాలుగు చోట్ల పెడతారు. వీటన్నింటికంటె ముఖ్యమైనది రాత. మచ్చ కణితికి పైన పెట్టారా, దిగువన పెట్టారా, ఎంత దూరంలో పెట్టారు అనే వివరం నివేదికలో స్పష్టంగా ఉండాలి. దిగువన పెట్టిన దానిని పైన పెట్టినట్లు చదువుకుంటే కోత తప్పు దిక్కుకు పోతుంది. భాషను బోధించేవానిగా ఈ విషయం నన్ను ఆకర్షించింది. ఒక్క విభక్తి ప్రత్యయం తారుమారైతే ఒక మనిషి పేగులో కోత స్థానం మారుతుంది.

సిరా కంటికి కనిపించే రంగు. దాని తరువాత వాడుకలోకి వచ్చినది కంటికి కనిపించని కాంతి. ఇండోసయనిన్ గ్రీన్ అనే ఆకుపచ్చని రంజకాన్ని రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కోడక్ సంస్థ ఛాయాగ్రహణం కోసం రూపొందించింది. గుండె, కాలేయాల పనితీరును పరీక్షించడానికి అది 1950ల నుండి వైద్యంలో వాడుకలో ఉన్నది. దీనిపై సుమారు 800 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల సమీప పరారుణ కాంతిని ప్రసరింపజేస్తే, అది కొంత ఎక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతిని తిరిగి వెదజల్లుతుంది. ఈ గుణాన్ని ప్రతిదీప్తి అంటారు. మన కన్ను ఇంచుమించు 700 నానోమీటర్లు దాటిన కాంతిని చూడలేదు. ప్రత్యేకమైన కెమెరా చూడగలదు. పైగా ఎర్రని వెలుగు కంటె ఈ కాంతి కణజాలం గుండా బాగా చొచ్చుకొని వస్తుంది. అరచేతి వెనుక టార్చిలైటు పెడితే వేళ్ల అంచులు ఎర్రగా మెరవడం మనం చూసే ఉంటాం. దానిని మించిన స్థాయిలో ఇది జరుగుతుందని గ్రహిస్తే చాలు.

శస్త్రచికిత్సకు ముందురోజు ఎండోస్కోపు ద్వారా కణితి చుట్టూ ఈ రంజకాన్ని ఎక్కిస్తారు. మరునాడు వైద్యుడు రోబో పీఠంలో కూర్చొని మీట నొక్కగానే మామూలు దృశ్యం మాసిన బొమ్మలా మారి, రంజకం ఉన్నచోటు పచ్చగా వెలుగుతుంది. ఆ పచ్చదనం కనిపించని కాంతికి కంప్యూటరు తొడిగిన రంగు. డావిన్సీ యంత్రంలో 2011లో చేరిన ఈ ఏర్పాటుకు ఫైర్‌ఫ్లై అని పేరు పెట్టారు. మన మిణుగురు పురుగే! యంత్రాలకు పేర్లు పెట్టేవారిలోనూ కవులు ఉంటారు. ఈ మిణుగురు వల్ల మరొక ప్రయోజనం కూడా ఉన్నది. రంజకం కణితి చుట్టూ ఉన్న శోషరస నాళాలలోనికి ప్రవహించి, వ్యాధి పాకే అవకాశం గల గ్రంథులను కూడా వెలిగించి చూపుతుంది.

రంజకం ద్రవం కనుక నిలిచిన చోట నిలవదు. మోతాదు ఎక్కువైనా, సమయం మించినా జీర్ణాశయం సగం దాకా పచ్చగా మెరిసి అంచు తేలకుండా పోతుంది. అడవి అంతా మిణుగురులైతే దారి చెప్పేది ఏది? ఇందుకు విరుగుడుగా క్లిప్పులు ఉన్నాయి. ఎండోస్కోపుతో కణితి అంచున శ్లేష్మపొరను పట్టి ఉంచే చిన్న లోహపు చిమటాలవి. కడుపు కోసి చేసే రోజుల్లో వైద్యుడు గోడను రెండు వేళ్ల నడుమ పట్టి నలిపితే క్లిప్పు గింజలా తగిలేది. రోబోకు ఆ వేళ్లు లేవు. ఎక్స్‌రే తీసి చూడవచ్చు కాని రోగి చుట్టూ యంత్రపు చేతులు బిగించి ఉండగా అది శ్రమతో కూడిన పని. క్లిప్పునే వెలిగేటట్లు చేస్తే ఈ రెండు బాధలూ తీరుతాయని జపాను వైద్యులు ప్రతిదీప్తి గల క్లిప్పులను ప్రయోగించి చూశారు. క్లిప్పు ద్రవంలా పాకదు కనుక అంచును కచ్చితంగా చూపుతుంది. అయితే జీర్ణాశయపు గోడ మందంగా ఉన్నచోట, కొవ్వు పేరుకున్నచోట వెలుగు బయటకు రాలేదు. సమీప పరారుణ కాంతికి కూడా చొరబడగల లోతు కొద్ది మిల్లీమీటర్ల నుండి ఒక సెంటీమీటరు వరకే. ముందే పెట్టిన క్లిప్పు ఊడిపోయే ప్రమాదమూ లేకపోలేదు.

ఇవేవీ ఫలించకపోతే, లేదా ఫలించినా అనుమానం తీరకపోతే, శస్త్రచికిత్స జరుగుతూ ఉండగానే మరొక వైద్యుడు రోగి నోటి నుండి గాని, మలద్వారం నుండి గాని ఎండోస్కోపును పంపి కణితిని ప్రత్యక్షంగా చూస్తాడు. దాని కొనన ఉన్న దీపపు వెలుగు గోడ గుండా బయటకు కనిపిస్తుంది. లోపలి దృశ్యాన్నీ, వెలుపలి దృశ్యాన్నీ రోబో పీఠంలోని తెరపై పక్కపక్కన చూపే వీలు కూడా ఉన్నది. ఒకే గోడను ఇద్దరు ఇరువైపుల నుండి చూస్తూ, ఒకరు లోపల తట్టిన చోటును మరొకరు బయట గుర్తు పెట్టుకోవడం నాకు అన్నింటిలో నమ్మదగినదిగా తోస్తుంది. అయితే దానికి అదనపు మనిషి, అదనపు సమయం కావాలి. లోపల గాలి నింపితే పేగు ఉబ్బి, పని చేసే చోటు ఇరుకవుతుంది. త్వరగా ఇంకిపోయే కార్బన్ డయాక్సైడును వాడి ఈ ఇబ్బందిని తగ్గిస్తారు.

హైదరాబాదు వంటి నగరాలలోని ఆసుపత్రులలో కూడా ఇప్పుడు రోబో శస్త్రచికిత్సలు జరుగుతున్నాయి. మన దేశంలోనే తయారైన ఎస్.ఎస్.ఐ. మంత్ర అనే యంత్రం కూడా వాడుకలోకి వచ్చింది. మన రోగులలో అనేకులు వ్యాధి ముదిరిన తరువాతనే వైద్యుని దగ్గరకు వస్తున్నారు. అటువంటి కణితి బయటి నుండే కనిపిస్తుంది కనుక దానికి మచ్చలూ మిణుగురులూ అంతగా అవసరపడవు. పరీక్షలు పెరిగి వ్యాధి ముందుగా పట్టుబడే కొద్దీ ఇక్కడి వైద్యులకు కూడా జపాను వైద్యుల చిక్కు ఎదురవుతుంది. అటువంటి చిక్కు రావాలనే కోరుకోవాలి.

పోయిన స్పర్శను తిరిగి తెచ్చే ప్రయత్నాలు కూడా సాగుతున్నాయి. 2024లో అమెరికాలో అనుమతి పొందిన డావిన్సీ 5 యంత్రంలోని కొన్ని పరికరాలు తమ కొనపై పడే ఒత్తిడిని, లాగుడును కొలిచి, వైద్యుని చేతికి తెలియజేస్తాయి. దారం తెగడం, కణజాలం చిరగడం వంటివి దీనివల్ల తగ్గవచ్చు. కాని లాగినప్పుడు ఎంత బిగువు ఉన్నదో తెలియడం వేరు, మెత్తని గోడలో కందిగింజంత గట్టిదనాన్ని వేలికొన కనిపెట్టడం వేరు. రెండవది ఇంకా మనిషి వేలికి దక్కినదే.

కోత పూర్తయిన తరువాత తొలగించిన భాగాన్ని ఒక సంచిలో పెట్టి, చిన్న గాటు గుండా బయటకు తీస్తారు. మిగిలిన కొనలను కలిపి కుట్టడానికి ముందు దానిని పక్కనున్న బల్లపై ఉంచి, నిలువునా చీల్చి, లోపలి పొర పైకి వచ్చేటట్లు పరుస్తారు. కణితి ఉన్నదా, అంచుల వరకు ఎన్ని సెంటీమీటర్లు ఉన్నది అని కొలుస్తారు. అనుమానం ఉంటే అంచు నుండి చిన్న ముక్కను తీసి, గడ్డకట్టించి, పలుచగా కోసి, సూక్ష్మదర్శినిలో పరీక్షించమని పాథాలజిస్టుకు పంపుతారు. జవాబు రావడానికి సుమారు అరగంట పడుతుంది. అంచులో క్యాన్సరు కణాలు ఉన్నాయని తెలిస్తే మరికొంత కోస్తారు. లేవని తెలిస్తే కుట్టడం మొదలుపెడతారు. ఆ అరగంటలో బల్ల దగ్గర నిలబడిన శస్త్రవైద్యుడు, ఉదయం నుండి తెరపై వెలుగుగా మాత్రమే చూసిన కణితిని, చేతి తొడుగు ఉన్న వేలితో ఒకసారి నొక్కి చూస్తాడు.